డబ్బు మనది, ఆకాశ మెవరిది?

బందరునుండి పడమరగా ఘంటసాలకు పోవువారికి నేడు దారిపొడవున వరిచేలును, కాలువలును, గట్లమీది తాడిచెట్లును కనబడును గాని సముద్రము కనబడదు. అయినను ఆ యూరి శివునకు జలధీశ్వరుడని పేరు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున గ్రీకు భూగోళశాస్త్రజ్ఞుడు టోలెమీ వ్రాసిన పట్టికలో కంటకోస్సిల యను వర్తకస్థానము గలదు. అది మన కంటకసేల, అనగా ఘంటసాలయే యని పండితులు నిశ్చయించిరి. ఆ యూర దొరికిన ప్రాకృత శాసనమొకటి మహానావికుడగు శివకుని పేర్కొనుచున్నది. సువర్ణభూమికి పోవు ఓడలు తీరమును విడిచి నడిసముద్రమునకు మఱలు తావును టోలెమీ ఈ తీరముననే గుర్తించెను. ఈ సంగతులు చెప్పుకొని దివిసీమవారు ఛాతి విఱుచుకొనుట మే మెఱుగుదుము. విఱుచుకొనదగినదే. కాని సముద్రమార్గము పోవువారికే గాక వచ్చువారికిని తెఱచియే యుండును.

1942 ఏప్రిల్ 1వ తేదీన బర్మా దక్షిణభాగమునందలి మెర్గుయి రేవునుండి వైస్ అడ్మిరలు ఒజావా నాయకత్వమున జపాను నౌకాదళ మొకటి బయలుదేరి బంగాళాఖాతమున ప్రవేశించెను. ర్యూజో యను విమానవాహక నౌకయు, క్రూయిజరులును అందుండెను. మన మహానావికులు సువర్ణభూమికి పోయిన సముద్రమునకు అడ్డముగా వారు ఎదురుదిక్కునుండి వచ్చిరి. 6వ తేదీ సోమవారమున ర్యూజో నుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు వేసెను. కొలది దినములలో ఆ దళము ఇరువదికి మించిన వర్తకపు టోడలను సముద్రము పాలుచేసెను. దానికి ముందునాడు కొలంబోపైని, 9వ తేదీన ట్రింకోమలీపైని అడ్మిరలు నగుమో నడపిన మఱియొక పెద్ద దళము దాడి సలిపెను.

విశాఖపట్టణమున పడిన బాంబులవలన కలిగిన నష్టము, ఆ యుద్ధమున ఇతర నగరములు పొందిన నష్టముతో పోల్చిన అల్పమే. అయినను జనము పట్టణములు విడిచి పల్లెలకు పరుగిడిరి. మఱునాడు మదరాసులో అపాయసూచన మ్రోగగానే అక్కడి జనము రైళ్లకును బండ్లకును ఎగబడిరి. ప్రభుత్వ కార్యాలయములు లోతట్టు పట్టణములకు తరలెను. బాంబు పడి బోనులు పగిలిన ప్రమాదమని జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగములను కాల్చి చంపిరి. అవి చేసిన పాపమేమో! జనము పిఱికివారని నాడు దొరలు కొందఱు వెక్కిరించిరి. ఆ వెక్కిరింతను మన చరిత్రకారులు కొందఱు నేటికిని వల్లించుచుండుట విచారకరము. తీరాంధ్రుల భయమునకు అనుభవమే ఆధారము. 1941 డిసెంబరు 23వ తేదీన రంగూను నగరముపై జపాను విమానములు బాంబులు వేసినపుడు ఆ రేవున మూటలు మోయుచుండిన కూలీలలో పెక్కుమంది మన విశాఖ, గోదావరి మండలములనుండి పోయిన తెలుగువారు. దాడిని చూచుటకై వీథులలో నిలిచిన జనము వందలకొలది కూలెను. బ్రతికిన వారిలో ఓడ దొరికినవారు ఓడలమీదను, దొరకనివారు అరకాను కొండలు, అస్సాము అడవులు దాటి కాలినడకను తిరిగి వచ్చిరి. త్రోవలో కలరాకును ఆకలికిని ఆహుతియైనవారి లెక్క భగవంతునకే యెఱుక. ఆ కాందిశీకులు ఇల్లు చేరి చెప్పిన కథలు మూడు నెలలుగా ప్రతి రచ్చబండమీదను వినబడుచుండెను. విమానము తలమీదికి వచ్చినపుడు ఏమగునో వినియున్న వాడు పరుగిడుటలో వింత యేమున్నది?

1942 ఏప్రిల్ 6వ తేదీని భరతఖండమున విమానములు బాంబులు వేసిన తొలి దినముగా వ్రాయువారు గలరు. అది పొరపాటు. వాయవ్య సరిహద్దు కొండజాతుల గ్రామములపై అంతకు ఎన్నియో యేండ్లకు మునుపే ఆంగ్ల విమానములు బాంబులు వేయుచు వచ్చెను. సరిహద్దు మాట యటుండనిండు. 1919 ఏప్రిల్ 14వ తేదీన, జలియనువాలాబాగు మారణకాండ జరిగిన మఱునాడు, పంజాబులోని గుజ్రనువాలా పట్టణముపైని, చుట్టుపట్ల గ్రామములపైని మన పరిపాలకుల విమానములే బాంబులు వేసి మరతుపాకులు కాల్చెను. ఆ కాల్చబడినవారు ఏ రాజుతోను యుద్ధము ప్రకటించినవారు కారు. ఆ ప్రభుత్వమునకే శిస్తు కట్టుచున్నవారు. హంటరు విచారణసంఘము ముందు ఆ సంగతి యంతయు బయటపడెను. గాంధీమహాత్ముడు దేశమంతట హర్తాళమునకు పిలుపిచ్చినదియు ఆ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీననే. నాటినుండి ఏటేట 6వ తేదీ మొదలు 13వ తేదీవఱకు దేశభక్తులు జాతీయవారమని పాటించుచుండిరి. విశాఖపట్టణముపై బాంబులు పడిన సోమవారము జాతీయవారమున మొదటి దినము. ఇది కేవలము కాకతాళీయమే. జపానువారు మన పంచాంగము చూచి రాలేదు. కాని నాడు ఖద్దరు కట్టి ప్రభాతభేరి చేసి వచ్చినవారికి ఆ రెండు ఏప్రిలు మాసములును ఒక్కసారి స్మృతికి వచ్చియుండునని మా నమ్మకము.

ఇపుడు డబ్బు మాట కెత్తుకొందము. ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము పురికొల్పినది అదియే.

విమానము యుద్ధసాధనము కాగలదా యను పరీక్ష ప్రపంచమున జరుగుచున్న తొలినాళ్లలోనే దక్కనుభూమి అందు పాలుగొనెను. 1903 డిసెంబరులో రైటు సోదరులు ఎగిరిరి. ఏడేండ్లు గడచి 1911 జనవరిలో నైజాము రాజ్యములోని ఔరంగాబాదు ప్రాంతమున సైన్యము అశ్వికదళ విన్యాసములు జరిపెను. బ్రిస్టలు కంపెనీవారు తమ బాక్సుకైటు విమానమును అచ్చటికి తెచ్చిరి. జులెరో యను ఫ్రెంచివాడు దానిని నడపగా కెప్టెను సెఫ్టను బ్రాంకరు వెనుక కూర్చుండి ఎదుటి పక్షపు దళముల జాడ తీసి సేనానికి తెలిపెను. కొయ్యయు గుడ్డయు కలిపి కట్టిన గాలిపటమువంటిది ఆ యంత్రము. గుఱ్ఱపురౌతు దినమంతయు తిరిగి తెచ్చు సమాచారమును అది కొలది గడియలలో తెచ్చెను. తరువాత పది నెలలకు, ఆ యేడు నవంబరు 1వ తేదీన, ట్రిపోలీ యుద్ధమున గవోట్టి యను ఇటలీ లెఫ్టినెంటు తన విమానమునుండి చేతి బాంబులను నాలుగింటిని టర్కీ పక్షపు శిబిరములపై విడిచెను. విమానమునుండి యుద్ధమున పడిన మొదటి బాంబులు అవి. అనగా ఆకాశమునుండి చూచుట మన దక్కనులో నేర్చిరి. చంపుట ఆఫ్రికాలో నేర్చిరి. రెండు చోట్లను క్రింద నున్నది పరాధీనుల భూమియే. (ఆ బ్రాంకరు 1930 అక్టోబరులో ఆర్ 101 అను గాలియోడలో భరతఖండమునకు బయలుదేరి ఫ్రాన్సులో అది కూలగా మరణించెను.)

చూపులతో ఆగలేదు. 1914లో మొదటి మహాసంగ్రామము వచ్చెను. నిజాము నవాబు మీర్ ఉస్మానలీఖాను ఇచ్చిన ధనముతో బ్రిటిషు వైమానికదళమున 110వ స్క్వాడ్రనుకు డి.హెచ్. 9ఏ బాంబు విమానములు సమకూరెను. దానికి హైదరాబాదు స్క్వాడ్రను అని పేరు పెట్టిరి. విమానము విమానమునకును నిజాము దానమని వ్రాయించిరి. 1918 సెప్టెంబరులో అది ఫ్రాన్సు చేరి, సంధి కుదురువఱకు జర్మను నగరములపై పగటివేళ బాంబులు వేసి, తానును తీవ్రముగ నష్టపడెను. నల్లగొండలోనో వరంగల్లులోనో మోటతోలి జొన్న పండించిన రైతు చెల్లించిన శిస్తు రైను నదీతీరమున బాంబులై కురియునని ఎవడు ఊహించును? ఆ రైతు నెవరును అడుగలేదు. నిజాము ఖజానా యనగా ప్రజల కష్టమే.

రెండవ సంగ్రామమున ఆ దానము ఇబ్బడి ముబ్బడి యయ్యెను. 152వ దానికి హైదరాబాదు స్క్వాడ్రను అని పేరు. దాని చిహ్నము నిజాము తలపాగా. దాని బిరుదువాక్యమునకు నమ్మకమైన మిత్రుడని అర్థము. 253వ దానికి హైదరాబాదు సంస్థానపు స్క్వాడ్రను అని పేరు. ఇవి నవాబుగారి ఖాతా. మన చెన్నరాజధానివారు వెనుకబడలేదు. 264వ స్క్వాడ్రనుకు మదరాసు ప్రెసిడెన్సీ స్క్వాడ్రను అని నామకరణము జరిగినది, ఈ రాజధాని యుద్ధనిధి పంపిన ధనమునకు కృతజ్ఞతగనే. ఆ దళమునకు మొదట ఇచ్చినవి డిఫయంటు విమానములు. వెనుక గోపురములో తిరుగు తుపాకులు నాలుగుండెను గాని ముందుకు కాల్చుటకు ఒక్క తుపాకియు లేని చిత్రమైన యంత్ర మది. 1940 మే 29వ తేదీన డంకర్కు మీద జర్మనులను దిగ్భ్రాంతులను జేసి, ఆ ఒక్క దినమున 37 విమానములు కూల్చితిమని ఆ దళమువారు చాటిరి. లోపము శత్రువునకు తెలిసిన వెనుక, ఆగస్టు మాసాంతమున ఆ పడుచువాండ్రే నేలకొరిగిరి. తరువాత దానిని రాత్రికాపలాకు మార్చిరి. ఆ యువకుల శౌర్యమును మేము తక్కువచేయము. హిట్లరు గెలువకుండుట లోకమునకు మేలేయని నాడును నేడును మా యభిప్రాయము.

ఒక్కొక్క స్పిట్‌ఫైరు విమానమునకు దానమిచ్చువారి సౌకర్యార్థము 5,000 పౌనులని ధర కట్టిరి. నాటి మారకమున అది సుమారు 67 వేల రూపాయలు. నిజమైన వ్యయము అంతకు మించియే యుండెను గాని దాతకు గుండ్రని సంఖ్య చెప్పుట వసూలుకు సులువు. ఈ వసూలు ఎట్లు జరిగెను? కలెక్టరునుండి తహశీలుదారు, తహశీలుదారునుండి కరణము, మునసబు వఱకు గల యంత్రాంగమే చందాపుస్తకము పట్టుకొని తిరుగుచుండగా, స్వేచ్ఛాదానమునకును శిస్తునకును గల భేదము పల్లెటూరి రైతు కెట్లు తెలియును? కాలువనీరు విడుచువాడును, పట్టా మార్చువాడును, చందా అడుగువాడును ఒక్కడే యైనపుడు లేదనగల ధైర్యము ఎందఱికుండును? మనసార ఇచ్చినవారును లేకపోలేదు. వారి సంగతి వేఱు.

ఆ కాలముననే, 1940 అక్టోబరు 17వ తేదీన వినోబాభావే గారితో వ్యక్తిసత్యాగ్రహము ఆరంభమయ్యెను. ఈ యుద్ధమునకు ధనముచేతగాని జనముచేతగాని తోడ్పడుట తప్పని ఒక్క వాక్యము బహిరంగముగా పలికిన నేరమునకు దేశమున వేలకొలది జనులు, వారిలో మన తెలుగు సత్యాగ్రహులు పెక్కుఱు, చెఱసాలకు పోయిరి. చందా ఇచ్చిన గ్రామమునుండియే ఇయ్యరాదన్నవాడును బయలుదేరెను. చరిత్ర పుస్తకములలో జైలుకు పోయినవారి పేళ్లు ఉన్నవి, అది మంచిదే. చందా పద్దు మాత్రము ఏ పుస్తకమునను మన పిల్లలకు చూపుట లేదు.

మఱల 1942 ఏప్రిల్ 6వ తేదీకి వత్తము. మన ధనముతో మన పేళ్లు పెట్టుకొన్న ఆ మూడు దళములును ఆ దినమున ఎచ్చట నుండెను? మూడును బ్రిటిషు ద్వీపములలోనే యుండెను. 152వ దళము బర్మా రంగమునకై ఇటు వచ్చినది 1943 చివర. తక్కిన రెండును ఈ తీరమును కాచుటకు ఎన్నడును రాలేదు. విశాఖపట్టణమున వైమానిక స్వచ్ఛంద దళమువారి తీరరక్షణ విభాగ మొకటి లేకపోలేదు. దానికి అప్పగించినవి వాపిటి వంటి పాతకాలపు జంటఱెక్కల విమానములు. 1933 ఏప్రిల్ 1వ తేదీన కరాచీలో భారత వైమానికదళపు మొదటి స్క్వాడ్రనును ఏర్పఱచినపుడు దానికిచ్చినవి నాలుగు వాపిటీలే; అప్పటికే అవి కొత్తవి కావు. తొమ్మిదేండ్లకు తరువాతను నౌకాదళ విమానములతో తలపడుటకు మన పడుచువాండ్రకు మిగిలినవి అవియే! జాడ తీయుటకు పనికివచ్చునేమో గాని, వచ్చినవారిని అడ్డగించుటకు అవి యే మూలకు? మన హైదరాబాదు వాడైన ఇద్రీసు హసను లతీఫు గారును ఆ 1942లోనే ఉద్యోగమున చేరి, కరాచీ తీరరక్షణ విభాగమున వాపిటి, ఆడాక్సు, హార్టు విమానములతోనే ఓనమాలు దిద్దిరి. ఆయనయే 1978లో స్వతంత్ర భారత వైమానికదళాధిపతి యయ్యెను.

భారతీయునకు విమానము నడపుట చేతకాదనుట కపుడు ఆస్కారము లేదు. 1918 జూలైలో ఇంద్రలాలురాయి యను పందొమ్మిదేండ్ల బంగాళీ యువకుడు పదుమూడు దినములలో పది విజయములు సాధించి ఫ్రాన్సు ఆకాశమున ప్రాణము విడిచెను. హర్దిత్ సింగు మాలిక్కు గాయపడియు బ్రతికి వచ్చెను. అటుపిమ్మట పదునాలుగేండ్లవఱకు, అనగా 1932 అక్టోబరు 8వ తేదీవఱకు, భారతీయునకు తనదను వైమానికదళమే లేకపోయెను. చేతకాక కాదు, చేయనియ్యక. ఆ కాలముననే జెనీవా నిరాయుధీకరణ సభలో బాంబు విమానములను లోకమంతట నిషేధింప వచ్చునని పలుకుచు, దూరప్రాంతములలో శాంతిభద్రతలకొఱకు మాత్రము మినహాయింపు కావలెనని బ్రిటిషువారు 1933లో పట్టుబట్టిరి. దూరప్రాంతము లనగా ఎవరి యిండ్లో వేఱే చెప్పనక్కఱలేదు.

ఈ విషయమున మాకు అన్నింటికంటె వింతగా తోచునది మఱియొకటి గలదు. విశాఖపట్టణముపై బాంబులు పడిన వారముననే ఢిల్లీలో క్రిప్సు రాయబారము నడచుచుండెను. యుద్ధకాలమున దేశరక్షణ భారము బ్రిటిషు ప్రభుత్వముదేయని ఆయన తెచ్చిన పత్రమున నుండెను. రక్షణ శాఖ భారతీయుని చేతిలో నుండవలెనని కాంగ్రెసు కోరెను. ఏప్రిల్ 7వ తేదీన, అనగా మన తీరమున బాంబులు పడిన మఱునాడు, భారతీయ సభ్యునకు అప్పగింపదగిన విషయముల జాబితాను సర్ స్టాఫర్డు క్రిప్సు కాంగ్రెసు అధ్యక్షుడు మౌలానా ఆజాదునకు పంపెను. అందున్న వేమి? సైనికుల క్యాంటీనులు, సైన్యమునకు కావలసిన కాగితములు, అచ్చుపని, ఫారములు, పెట్రోలు పంపకము, విదేశ రాయబారవర్గములకు బస, మర్యాదలు, యుద్ధానంతరము సైనికులను ఇండ్లకు పంపుట, మఱి కొన్ని ఇట్టివే. కాకినాడపై బాంబు పడుచుండగా కాకినాడ నెవరు కాపాడవలెనను ప్రశ్నకు ఢిల్లీలో వచ్చిన ప్రత్యుత్తరము క్యాంటీనులును కాగితములును! ఇంకను కొన్ని సవరణలు, రాయబారములు నడచినవి గాని 10వ తేదీన కాంగ్రెసు ఆ ప్రతిపాదనలను త్రోసిపుచ్చెను. 12వ తేదీన క్రిప్సు మహాశయుడు వెడలిపోయెను. నాలుగు నెలలకు క్విట్టిండియా తీర్మానము వచ్చెను. మన బందరు వాసి డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు కార్యవర్గమువారితో పాటు అహమ్మదునగరు కోటలో బంధింపబడిరి. ఆ రాయబారము భంగమగుటకు గల కారణములను గూర్చి గ్రంథములు పెక్కు వెలువడినవి. వానిలో ఏప్రిల్ 6వ తేదీకిని 7వ తేదీకిని గల ఈ సంబంధమును మనవారు తగినంత గమనించినట్లు మాకు తోచదు. తీరవాసికి రక్షణశాఖ యనునది మాటల పట్టింపు కాదు. తన యింటి కప్పు.

విమానము కొనిపెట్టుటకును, విమానము చేయుటకును నడుమ గల భేదము నెఱిగినవాడు వాల్‌చందు హీరాచందు సేటు. 1940 డిసెంబరులో బెంగుళూరున హిందూస్థాన్ విమాన కర్మాగారమును స్థాపించినది ఆయనయే. విశాఖపట్టణమున సింధియావారి ఓడల కర్మాగారమునకు 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదు గారిచేత పునాదిరాయి వేయించినదియు ఆయనయే. ఆ పునాది వేసిన పదినెలలలోనే ఆ రేవుమీద బాంబులు పడెను. బెంగుళూరు కర్మాగారమును 1942లో ప్రభుత్వము తన వశము చేసికొని విమానముల మరమ్మతులకు వినియోగించెను. చందాగా పంపిన ధనములో కొంతభాగమైన ఆ మొలకలకు నీరుగా పోసియుండిన, ఆ యుద్ధము ముగియులోపల మనవారు ఎంత నేర్చియుండెడివారో! గన్నవరమున నేడు మనము ప్రయాణములు చేయుచున్న విమానాశ్రయము ఆ యుద్ధకాలముననే సైన్యము కొఱకు ఏర్పడినది. అంతమాత్రము నేల మిగిలినది.

నవాబుగారి కథకు మాత్రము చివర ఒక విచిత్రమున్నది. మూడు స్క్వాడ్రనులకు తన పేరో తన రాజ్యము పేరో పెట్టించుకొన్న ప్రభువునకు 1948 సెప్టెంబరులో తన రాజ్యమును కాచుకొనుటకు వైమానికదళమనునది లేకపోయెను. 13వ తేదీన భారతసేనలు ప్రవేశింపగా టెంపెస్టు విమానములు వానికి తోడుగా నెగిరెను. అయిదు దినములలో అంతయు ముగిసెను. నమ్మకమైన మిత్రునికి మిత్రులెవరును ఒక్క విమానమును పంపలేదు. రజాకారుల దౌర్జన్యమునకు ఎర యైన తెలంగాణ ప్రజలకు ఆ సేనలు వచ్చుట విమోచనమే యైనది. తరువాత అమాయకులు పడిన బాధలును కల్ల కావు. నవాబుకొఱకు మేము కన్నీరు కార్చము గాని, ఆ ప్రజల శిస్తు సొమ్ము ఎచ్చటెచ్చట ఎగిరినదో తలచిన కడుపు తరుగుకొని పోవును.

ఈ పాతకథ ఇపుడేల యని అడుగవచ్చును. దివిసీమ కొసన, నాగాయలంక మండలము గుల్లలమోద వద్ద, క్షిపణి పరీక్షాకేంద్రమునకు 2025 మే 2వ తేదీన ప్రధాని శ్రీ నరేంద్ర మోదీ అమరావతి నుండి శంకుస్థాపన చేసిరి. సుమారు 1,500 కోట్ల రూపాయల పని. ఘంటసాలనుండి అది ఎంతో దూరము కాదు. దీనిని మేము వ్యతిరేకించుట లేదు. 1942లో ఆకాశము వట్టిదై యుండుట ఎట్టిదో చూచిన తీరము దేశరక్షణకు చోటియ్యననదు. ఇయ్యరాదని మేమును చెప్పము. మన ధనము మన దేశమున, మన యెన్నికల ప్రభుత్వము చేతిలో వ్యయమగుచున్నది. నిజాము దానమునకును దీనికిని పోలిక లేదు. కాని పోలిక లేదనుట మాటతో తీరునది కాదు. నాడు తీరవాసి నెవరును అడుగలేదు, ఎవరును చెప్పలేదు. వానికి తెలిసినది బాంబు పడిన తరువాతనే. నేడు వానిని అడుగుచున్నారా, వానికి చెప్పుచున్నారా యనుటలోనే ఆ భేదమంతయు నున్నది.

పరీక్ష జరుగు దినములలో సముద్రముపై కొంత మేర మూసివేయుట అనివార్యము. ఆ మేర ఎంతయో, ఎన్ని దినములో, ఎన్నాళ్లు ముందుగా తెలుపుదురో నాగాయలంక, కోడూరు ప్రాంతముల బెస్తవారికి ఇప్పుడే తెలుగున వ్రాసి పల్లెపల్లెను అతికింపవలెను. పోయిన వేటదినమునకు పరిహార మెంతయో, అది ఎవరిచేతికి వచ్చునో స్పష్టముగా చెప్పవలెను. వేట లేని దినము బెస్తవాని యింట పొయ్యి వెలుగని దినము. మడ అడవులు ఆ సీమకు ఉప్పెన కడ్డుగోడ. 1977 నవంబరు 19వ తేదీ రాత్రిని చూచినవారికి ఆ మాట వేఱే చెప్పనేల? ఆ అడవిలో ఎన్ని చెట్లు పోవునో, వాని బదులు ఎచ్చట నాటుదురో గ్రామసభలలో చదివి వినిపింపవలెను. ఇవి రక్షణ రహస్యములు కావు.

రెండవది పాత పద్దు. యుద్ధనిధికి బందరు, గుడివాడ, దివి తాలూకాలనుండి ఏ యేట ఎంత పోయెనో చూపు కాగితములు ప్రభుత్వ దస్త్రములలో వెదకింపదగినవి. చరిత్ర శాఖలు గల మన విశ్వవిద్యాలయములు ఒకరిద్దఱు విద్యార్థులను ఈ పనికి నియోగించుట పెద్ద వ్యయము కాదు. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణమునను, కాకినాడలోను మరణించినవారి పేళ్లును అట్లే వెలికితీయవలెను. వారు ఏ సైన్యములోను లేనివారు. ఓడలకు సరకులెక్కించుచు పోయినవారు.

మూడవది అత్యవసరము. నాడు పదేండ్ల బాలుడైనవానికి నేడు తొంబది దాటినవి. కాకినాడనుండి కృష్ణ ముఖద్వారమువఱకు తీరపు టూళ్లలో ఆనాటి చీకటిరాత్రులు, లాంతరు గాజులకు పూసిన మసి, బండ్లు కట్టుకొని వచ్చిన పట్నపు చుట్టాలు, రంగూనునుండి నడచి వచ్చిన మేనమామ, చందా వ్రాసికొని పోయిన కరణము జ్ఞాపకమున్న వృద్ధులు ఇంకను కొందఱు గలరు. ఇంటి పిల్లలు వారియొద్ద కూర్చుండి, ఊరు, వయసు, చూచినది మాత్రము, వినినది వేఱుగ, వ్రాసి మా కార్యాలయమునకు పంపిన, వచ్చిన వరుసను ప్రకటింతుము. అక్షరదోషములు మేము దిద్దుకొందుము.